అద్దం దించమన్నారు

మంగళవారం

బేకరీ ఆయన ఫోన్ చేస్తే విసుక్కున్నాను. కేకు ఇంకా రాలేదని ఆర్డరిచ్చిన ఇంటివాళ్లు ఆయన్ని పీకి పాకం పెడుతున్నారట. "మా తమ్ముడు నత్త లెండి, వచ్చేస్తాడు" అని పెట్టేశాను.

అప్పటికే వాడు పోయాడు. నేను వాణ్ణి నత్త అన్నప్పటికే.

ఇంతకంటే రాయలేను.

బుధవారం

ఏడుపు రావడం లేదు. రాస్తే తలలో గిర్రున తిరగడం ఆగుతుందేమో చూద్దాం.

నిన్న పొద్దున బేకరీ వ్యాను మొరాయించిందట. కారు కోసం తమ్ముడు మా షెడ్డుకు వచ్చాడు. వాడి పని కేకుల మీద పేర్లు రాయడం. కాగితం మీద వాడి రాత కోడి గెలికినట్టుంటుంది, క్రీముతో రాస్తే మాత్రం ముత్యాలే. ఈయన ఎవరిదో బండి కింద దూరి ఉన్నారు, కాళ్లు మాత్రం బయటికి. ఆ కాళ్లతోనే మాట్లాడాడు వాడు.

"బావా, ఒక గంట నీ రథం ఇవ్వు."

"తీసుకెళ్లు. తోసుకుంటూ తిరిగి రావద్దు."

"మెకానిక్ కారు ఎక్కేవాడు నడవడానికి సిద్ధపడే ఎక్కుతాడు బావా."

వాళ్లిద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. నేను కూడా నవ్వాను. ఊళ్లో బళ్లన్నీ బాగుచేసే మనిషి, మా కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎప్పుడూ రేపే. వెనక కుడివైపు బ్రేకు లైటు వెలగడం లేదు. దానికే ఆపారట. వేలెడంత బల్బు.

ఆపినవాళ్లు ఇద్దరు పోలీసులు. ఒకడు కిటికీ పక్కన నిలబడ్డాడు, ఇంకొకడు కారు ముందు. "దిగొద్దు, అద్దం దించు" అని అరిచారట, ఎదురుగా టీ తాగుతున్నవాళ్లందరికీ వినపడిందట. ముందు నిలబడ్డవాడు కాల్చాడు. ముందద్దంలోంచి.

బ్రేకు లైటుకి. బ్రేకు లైటు వెలగలేదని మనిషిని కాల్చారు.

ఆసుపత్రిలో దుప్పటి తీసి చూపించారు. ముఖం చూడలేకపోయాను. చేతులు చూశాను. బొటనవేలి గోటి సందులో నీలం రంగు క్రీము ఉంది. వీడికి చేతులు కడుక్కోవడం ఎప్పటికి వస్తుందో అనుకున్నాను. అక్కడ నిలబడి నేను అనుకున్నది అదీ.

బుధవారం, మళ్లీ

ఇన్‌స్పెక్టరు సంగతి రాయలేదు. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు, మంచినీళ్లు అడిగి తాగాడు.

"మీ కారులో పనిముట్లు ఏమైనా ఉంచుతారా అమ్మా?"

"కారులో ఎందుకుంటాయండి? మావన్నీ షెడ్డులో గోడకు వరసగా వేలాడుతుంటాయి. ఒక్క పానా కనబడకపోతే మా ఆయన ఇల్లు పీకి పందిరేస్తారు."

"స్క్రూడ్రైవరు లాంటిది కూడా?"

"ఏదీ ఉండదండి."

"పోనీ మీ తమ్ముడి దగ్గర?"

"వాడికి మేకు కొట్టడం కూడా రాదు."

అన్నీ రాసుకున్నాడు. చదివి వినిపించాడు. సంతకం పెట్టాను. ఈయన పక్కనే కూర్చుని నేల చూస్తూ ఉన్నారు. కనీసం నేనైనా తొణక్కుండా మాట్లాడాను, తమ్ముడి మీద మచ్చ పడకుండా చెప్పాను అనుకున్నాను.

గురువారం

అంతా అయిపోయింది. జనం వచ్చారు, వెళ్లారు. అమ్మను మా ఇంటికి తెచ్చేశాను. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరో కుర్చీ వేస్తే కూర్చుంది, లేపితే లేచింది.

శుక్రవారం

పేపర్లో వేశారు. చూసి ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను. నా చేత్తో రాస్తేనైనా అర్థమవుతుందేమోనని.

'వాహన తనిఖీలో పోలీసులపై దాడికి యత్నించిన వ్యక్తి మృతి. అద్దం దించమని పలుమార్లు కోరినా నిరాకరించి, పదునైన స్క్రూడ్రైవరు పైకెత్తడంతో ఆత్మరక్షణ కోసం కాల్పులు జరపాల్సి వచ్చింది. ఆ పనిముట్టు కారులోది కాదని, మృతుడే వెంట తెచ్చుకున్నాడని కుటుంబసభ్యుల వాంగ్మూలాన్ని బట్టి తేలింది.'

కుటుంబసభ్యులంటే నేను.

గడప మీదే కూలబడ్డాను. నేను అన్నదేమిటి, వీళ్లు రాసిందేమిటి? నేను కారులో లేదన్నాను. కారులో లేనిది వాడి చేతిలో ఉందంటే, ఇంటి దగ్గర్నుంచే పట్టుకెళ్లాడని లెక్క తేల్చేశారు.

అసలు వాడి చేతిలో స్క్రూడ్రైవరేమిటి? వాళ్లే పెట్టారు. కాల్చాక పెట్టి ఉంటారు. ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ అదే చెప్పాను. బేకరీ ఆయన వచ్చి, "అమ్మా, కేకు మీద అక్షరం వంకరపోతే ఆ పూట భోజనం మానేసే మనిషి, వాడు ఒకళ్లను పొడుస్తాడా" అని చెంపలు తడిసేలా ఏడ్చాడు. ఆయన ఏడుస్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

శనివారం

వాళ్లే పెట్టారు.

ఆదివారం

ఈయన సరిగ్గా తినడం లేదు. ఒక ఇంజను మొత్తం విప్పి గుడ్డ మీద పరిచారు. మళ్లీ బిగించడం లేదు. ఏవండీ అంటే ఊఁ అంటారు, అంతే. బావమరిది మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, మరి ఎలా ఉంటారు?

వాళ్లే పెట్టారని ఈయనతో అంటే తల కూడా ఊపలేదు.

సోమవారం

ఏం జరిగిందో వరసగా రాయాలి.

పొద్దున షెడ్డు ముందు ఒక బండి దారికి అడ్డంగా ఉంది. పక్కకు తీద్దామని నేనే ఎక్కాను. ఆ బండి ఆసామి బయట నిలబడి, "అమ్మా, అద్దం దించండి, ఒక మాట" అన్నాడు.

నా చేయి పైకి వెళ్లింది. ఎదురెండ పడకుండా దించుకునే అట్ట ఉంటుంది కదా, దాని దగ్గరికి. వేళ్లతో తడిమాను. ఏమీ తగల్లేదు. ఏం వెతుకుతున్నానో నాకే తెలియలేదు. మళ్లీ తడిమాను. అప్పుడు తెలిసింది.

మా కారులో డ్రైవరు వైపు అద్దానికి బటను ఎప్పుడో విరిగిపోయింది. ఆ గుంటలో స్క్రూడ్రైవరు మొన దూర్చి నొక్కితే అద్దం దిగుతుంది. ఎక్కాలన్నా అంతే. కొత్త బటను వేయమంటే రేపన్నారు. ఆ రేపు రాకముందే అందరం దానికే అలవాటుపడిపోయాం. పిడి పగిలితే టేపు చుట్టాం. అది దొర్లి కాళ్ల కిందికి పోతోందని నేనే నా జడ రబ్బరుతో పైన ఆ అట్టకు బిగించాను. గట్టిగా గుంజితే గానీ రాదు. మాకు అది పనిముట్టు కాదు. బండికి తాళంచెవి ఎలాగో అద్దానికి అదీ అలాగే. ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు గోడకు వేలాడే వరస నా కళ్లముందు మెదిలింది గానీ అది మెదల్లేదు. ఒట్టు. మెదల్లేదు.

దిగొద్దన్నారు. అద్దం దించమన్నారు. దించడానికి వాడికి ఉన్న దారి అదొక్కటే. చేయి పైకెత్తి గట్టిగా గుంజి ఉంటాడు.

వాడు నిరాకరించలేదు. వాళ్లు చెప్పిన పని చేస్తున్నాడు. చేస్తుండగా కాల్చారు.

ఆసామి కిటికీ మీద కొడుతున్నాడు, "అమ్మా, ఒంట్లో బాగానే ఉందా" అని.

సోమవారం, సాయంత్రం

"మీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను. దేని గురించో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

ఈయన చేతిలో పానా. తుడిచిందే తుడుస్తున్నారు. "ఇన్‌స్పెక్టరు నిన్ను అడిగినప్పుడే" అన్నారు.

"నేను లేదు లేదంటుంటే పక్కనే ఉన్నారు కదండీ."

"ఉన్నా."

"మరి నోరు ఎందుకు పెగల్లేదు?"

"ఏమని చెప్పను? బల్బు నేను వేయలేదు. బటను నేను వేయలేదు. అన్నీ సక్రమంగా ఉన్నాయని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది మాత్రం నేనే. నోరు విప్పితే నేనే వాణ్ణి చంపినట్టు."

బళ్లు పరీక్షించి ఆ సర్టిఫికెట్లు ఇచ్చే అనుమతి ఈ చుట్టుపక్కల మాకే ఉంది. దాని వల్లే షెడ్డు నడుస్తోంది. సొంత కారుకు చూడకుండా సంతకం పెట్టారని తెలిస్తే అది పోతుంది. అది పోతే మిగిలేది పంక్చర్లు వేసుకోవడమే.

ఈయన్ని కొట్టాలనిపించింది. ఆ జడ రబ్బరు నాదేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మంగళవారం

చెప్పినా వాడు తిరిగి రాడు కదా. బేకరీ ఆయన కుదిర్చిన లాయరమ్మ ఉంది, ఏదో ఒకటి చేస్తుంది. కాల్చినవాడిది తప్పని చెప్పడానికి మా కారు బటనే కావాలా? మనిషి ప్రాణం తీయడమే తప్పు, ఇంకేం కావాలి?

బుధవారం

చెప్పినా వాడు తిరిగి రాడు.

గురువారం

ఇప్పుడు చెబితే నమ్మరు కూడా. వాంగ్మూలం మార్చి కథలు అల్లుతోందంటారు. ఉన్నది కాస్తా పోతుంది. ఇంకొన్నాళ్లు చూడడమే మంచిది. ఈయన కూడా అదే అన్నారు. కాదు, ఈయన ఏమీ అనలేదు. నేనే అన్నాను.

శుక్రవారం

అమ్మ ఈరోజు మాట్లాడింది.

తమ్ముడి చొక్కాలు మడత పెడుతోంది. మడత పెట్టినవి విప్పి మళ్లీ పెడుతోంది. నా వైపు చూడకుండానే అడిగింది. "నీకు గుర్తుందా, బుజ్జిగాడు కోపమొస్తే చేతిలో ఏముంటే అది విసిరేవాడు."

"ఎప్పటి మాటమ్మా? అప్పుడు వాడికి పలక పట్టుకునే వయసు."

"ఊఁ." మరో చొక్కా తీసుకుంది. "ఆ రోజు పొద్దున నేనే వాణ్ణి తిట్టాను. సంబంధం చూస్తానంటే ఇప్పుడొద్దన్నాడు. ఇలాగే ముదిరిపో అన్నాను. టిఫిన్ సగంలో వదిలేసి వెళ్లాడు. ఆ కోపంలో ఉండి ఉంటాడే. నా మీది కోపం వాళ్ల మీద చూపించాడేమో."

"అలాంటిదేం లేదమ్మా."

"పేపరువాళ్లు ఊరికే రాస్తారా? నువ్వు కూడా సంతకం పెట్టావంటున్నారుగా." అప్పుడు నా వైపు చూసింది. "నిజం చెప్పు. నా కొడుకు పోలీసుల మీదికి వెళ్లాడా?"

"లేదమ్మా."

"నీకెలా తెలుసు?"

నోట్లోనే ఉంది జవాబు. బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇన్నాళ్లకు. వాణ్ణి వాళ్లు ఒకసారి చంపారు. ఇప్పుడు నేను వంటింటికీ షెడ్డుకీ మధ్య తిరుగుతూ అమ్మ మనసులో ఉన్నవాణ్ణి కూడా చంపుతున్నాను. పోయినవాడు ఎలాగూ పోయాడు, వాడు మంచివాడన్న నమ్మకమైనా ఆవిడకు మిగలొద్దా?

శనివారం

"మీరు వచ్చినా రాకపోయినా నేను లాయరమ్మ దగ్గరికి వెళ్తున్నాను" అన్నాను. చెప్పులు వేసుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నారు.

"ఉండు. పెట్టిన సంతకం నాది. నువ్వు చెబితే చెప్పుడు మాటలా ఉంటుంది" అన్నారు.

బస్సులో వెళ్లాం. మెకానిక్కూ మెకానిక్ పెళ్లామూ బస్సు పట్టుకు వేలాడుతూ వెళ్లడం వాడు చూసి ఉంటే నెలరోజులు ఏడిపించేవాడు. ఆ మాటే ఈయనతో అన్నాను. ఈయన కిటికీ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నారు.

లాయరమ్మ మొదట నమ్మలేదు. "స్క్రూడ్రైవరుతో కారు అద్దం దించుతారా?"

"మేం దించుతామండి" అన్నారు ఈయన.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నిలదీస్తారు."

"నిలదీయనివ్వండి. భయపడ్డానని చెబుతాను."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నోటితో చెబితే ఎవరూ నమ్మరు. కారు పోలీసు యార్డులోనే ఉంది. విచారణ ఆఫీసరు ముందు చేసి చూపించాలి. చూపించగలరా?" అంది.

ఈయన తలూపారు. నేను కూడా ఊపాను.

ఇంటికొచ్చి అమ్మకు మొత్తం చెప్పాను. బటను, రబ్బరు, అన్నీ. చివరిదాకా విని నా తల మీద చేయి వేసింది. "నా మనసు కుదుటపడాలని చెబుతున్నావు కదూ" అంది.

నమ్మలేదు.

సోమవారం

చూడకుండా సంతకం పెట్టానని ఈయన స్వయంగా రవాణా ఆఫీసుకు వెళ్లి రాసిచ్చి వచ్చారు. మధ్యాహ్నానికే అక్కడి మనుషులు వచ్చి అనుమతి రద్దు చేశామన్నారు. సర్టిఫికెట్లు ఇవ్వబడును అన్న బోర్డును ఈయనే నిచ్చెన వేసుకుని ఊడదీశారు. గోడ మీద అంతమేర సున్నం తెల్లగా ఉంది.

రాత్రికి అన్నం తిన్నారు.

బుధవారం

ఇంకో వారం గడిచాక ఇవాళ యార్డుకు పిలిచారు. అమ్మ నేనూ వస్తానంది. వద్దన్నాం. రెండో చెప్పు వెతుక్కోవడం మొదలుపెట్టింది, ఇంకేమంటాం?

యార్డులో రేకుల కింద ఉంది మా కారు. ముందద్దానికి రెండు చిల్లులు, వాటి చుట్టూ పగుళ్లు. పక్కద్దం చెక్కుచెదరకుండా మూసే ఉంది. సీటు మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. ఈయన తలుపు తీశారు, సీటు చూశారు, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"నేను కూర్చుంటానండి" అన్నాను.

కూర్చున్నాను. పట్టా కింద సీటు గట్టిగా, అట్ట కట్టినట్టు ఉంది. ఎందుకో ఆలోచించకుండా ఉండడానికి స్టీరింగును పట్టుకున్నాను. అసలు స్క్రూడ్రైవరు వాళ్ల దగ్గర సీలు వేసి ఉందట, అలాంటిదే ఇంకొకటి తెచ్చి, నేను చెప్పినచోట నేను చెప్పినట్టే రబ్బరుతో బిగించారు.

విచారణ ఆఫీసరు పెద్దాయన, ముక్కుసూటి మనిషిలా ఉన్నాడు. ఆ రోజు ఎవరెక్కడున్నారో అలాగే నిలబడదామన్నాడు. తాను కిటికీ పక్కకు వచ్చాడు. అక్కడున్న కానిస్టేబుల్ ఒకణ్ణి కారు ముందు నిలబెట్టాడు. ఆ రోజు కాల్చినవాడు కాదు, వేరే మనిషి. "ఈవిడ పైనుంచి స్క్రూడ్రైవరు తీసి అద్దం దించుతుంది, చూస్తూ ఉండు" అని అందరూ వినేలా చెప్పాడు. కానిస్టేబుల్ సరేనన్నాడు. లాయరమ్మ, ఈయన, అమ్మ ఒక పక్కగా నిలబడ్డారు.

తలుపు వేసుకున్నాను. తాళం తిప్పాను.

"దిగొద్దు. అద్దం దించండి" అన్నాడు పెద్దాయన, బయటినుంచి.

చేయి పైకెత్తాను. రబ్బరు రాలేదు. గుంజాను. ఒక్కసారిగా ఊడొచ్చింది, మొన ముందుకు తిరిగి ఉంది. అద్దంలోని రెండు చిల్లుల మధ్య నుంచి కానిస్టేబుల్ కనబడుతున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. వాడి చేయి నడుము మీద ఉన్న తుపాకీ మీదికి వెళ్లింది.

నేను కదల్లేదు. ఎవరూ కదల్లేదు.

"ఏయ్" అన్నాడు పెద్దాయన. "చేయి ఎందుకు అక్కడ పెట్టావు?"

కానిస్టేబుల్ తల వంచి తన చేయి చూసుకున్నాడు. అప్పుడు తీశాడు. "తెలియలేదండి" అన్నాడు. "నేను పెట్టలేదండి, అదే..."

"ముందే చెప్పాను కదయ్యా నీకు, ఏం చేస్తుందో."

"చెప్పారండి."

పెద్దాయన పక్కన రాసుకుంటున్న గుమాస్తాతో, "ఇది కూడా రాయి. చేయి ఎక్కడికి వెళ్లిందో అది కూడా" అన్నాడు. నా వైపు వంగి, "కానివ్వండమ్మా" అన్నాడు.

మొన గుంటలో దూర్చాను. నొక్కాను. అద్దం కిర్రుమంటూ దిగడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే సగంలో ఆగింది, కొంచెం అటూ ఇటూ కదిపితే మళ్లీ దిగింది. పూర్తిగా దిగాక బయటి గాలి ముఖానికి తగిలింది. కిటికీ అవతల పెద్దాయన ముఖం. నాకూ ఆయనకూ మధ్య ఏమీ లేదు. వాడికి ఇంత సేపు కూడా ఇవ్వలేదు.

"ఇంకోసారి" అన్నాడు.

అద్దం ఎక్కించి, రబ్బరు బిగించి, మళ్లీ చేశాను. ఈసారి కానిస్టేబుల్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతిని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

కారు దిగేసరికి అమ్మ తలుపు దగ్గరికి వచ్చి ఉంది. వద్దంటున్నా వినకుండా కిటికీలోంచి చేయి లోపలికి పెట్టి, ఆ విరిగిన బటను గుంటను వేలితో తడిమింది.

"దించుతున్నాడు" అంది. "దించమన్నారని దించుతున్నాడు నా తండ్రి."

"అవునమ్మా."

"చెప్పినట్టే చేశాడు."

బస్సులో సీటు దొరికింది. ఈయన అమ్మకు ఒక పక్క, నేను ఒక పక్క. ఇంటికొచ్చేదాకా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అదే మాట అంటూనే ఉంది, చెప్పినట్టే చేశాడు, చెప్పినట్టే చేశాడు అని. పక్కవాళ్లు తిరిగి చూస్తున్నా ఆపమని మేం అనలేదు. అన్నప్పుడల్లా మేమిద్దరం అవునంటూనే ఉన్నాం.